చెల్లని డబ్బుల అంకుల్

ఈ మధ్యాహ్నం ఫోన్ మోగేసరికి నా చూపుడువేలు పాప నోట్లో ఉంది. చొక్కా గుండీ మింగబోయింది. దాన్ని బయటికి లాగి, పాపని చంకనేసుకుని, రిసీవర్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటే అవతల బ్రిస్బేన్ నుంచి ఆంటీ గొంతు. పాప అన్నం తిన్నదా, విరేచనం అయిందా, సిడ్నీలో చలి ఎక్కువట కదా, సాక్సులు వేస్తున్నావా, అన్నీ అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. చివర్లో, కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయానని చెప్పినంత మెల్లగా, "అంకుల్ పోయారమ్మా" అన్నారు. "నిన్న తెల్లారి నమాజుకి లేచారు. చేతులు కడుక్కుంటా కూలబడ్డారు. సాయంత్రానికే మట్టి చేసేశారు. నువ్వు రాబాక. చంటిదాన్నేసుకుని ఎక్కడొస్తావు."

నేనేమన్నానో నాకు గుర్తులేదు. ఆంటీయే "ఏడవబాక, పాలు పాడవుతాయి" అని ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు పాప నిద్రపోయింది. మా ఆయనా నిద్రపోయాడు. నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మధ్యమధ్యలో లేచివెళ్ళి పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకుని వస్తూ ఇది రాస్తున్నాను. ముందు ఆయన పేరు రాయాలి కదా అని కలం పట్టుకుని, రాయలేక ఆగిపోయాను. పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా వినలేదు. మేం సిడ్నీకి మారకముందు బ్రిస్బేన్‌లో ఉన్నప్పుడు, అక్కడి కొద్దిపాటి తెలుగువాళ్ళందరికీ ఆయన అంకుల్. ఆయన లేనప్పుడు మాట్లాడుకోవాల్సివస్తే చెల్లని డబ్బుల అంకుల్.

సన్నీబ్యాంక్‌లో చైనావాళ్ళ బేకరీకీ, ఒక కటింగ్ షాపుకీ నడుమ ఇరుకైన కొట్టు ఆయనది. కందిపప్పు, చింతపండు, ఇడ్లీరవ్వ, గుంటూరు నుంచి తెప్పించిన మిరప్పొడి. మా ఆయన వై టూ కే పనిమీద ఒక ప్రాజెక్టులో చేరి నన్ను కూడా తీసుకొచ్చిన కొత్తలో, చింతపండు కోసం మొదటిసారి ఆ కొట్లో అడుగు పెట్టాను. కౌంటర్ వెనక తెల్లగడ్డం, ముక్కు చివర కళ్ళజోడు, నెత్తిమీద అల్లిన తెల్లటోపీ. నన్ను ఎగాదిగా చూసి ఆయన అడిగిన మొదటి మాట: "అమ్మాయ్, సంచిలో ఏముంది?"

నేను హడలిపోయాను. ఏదో దొంగతనం అంటగడుతున్నాడనుకున్నాను. లోపల్నించి ఆంటీ కేకేశారు. "భయపడబాక తల్లీ! ఈయనకదో పిచ్చి. మనూరి చిల్లర ఏవన్నా అడుగున పడుందేమో చూడమంటున్నారు."

హ్యాండ్‌బ్యాగు అడుగున నిజంగానే ఒకటుంది. అంచులు వంపులు తిరిగిన పాత పదిపైసల బిళ్ళ. ఆయన దాన్ని బొటనవేలితో, చూపుడువేలితో అంచు మాత్రమే పట్టుకుని వెలుతురుకి ఎత్తారు.

"ఇది ఇక్కడ చెల్లదు" అన్నారు. తిప్పి చూశారు. "ఇప్పుడు అక్కడా చెల్లదు." ఆ ముఖంలో ఆనందం చూస్తే నేను బంగారపు కడ్డీ ఇచ్చాననుకోవాలి. దానికి బదులుగా రెండు రెబ్బలు కరివేపాకు నా చింతపండు మీద పెట్టారు. కరివేపాకు ఆ ఊళ్ళో అప్పట్లో ఎంత అపురూపమో అక్కడున్నవాళ్ళకి తెలుసు.

చెల్లే డబ్బంటే ఆయనకి లక్ష్యం లేదు. నోట్లు తీసుకుని చూడకుండానే సొరుగులో కుక్కేవారు. నాణేలొస్తే మాత్రం ఒక్కొక్కటే బొమ్మాబొరుసూ చదివి గానీ లోపల వెయ్యరు. వెనక వరుస పెరిగిపోయేది. ఆఫీసు నుంచి టైతో వచ్చిన కుర్రాళ్ళు "అంకుల్, పార్కింగ్ టైమ్ అయిపోతోంది, ఫైన్ వేస్తారు" అని మొత్తుకుంటుంటే, "ఉండవయ్యా, ఈ ముళ్ళపంది ఏ ఏడాదిదో చూడనీ" అనేవారు. ఇక్కడి అయిదు సెంట్ల బిళ్ళమీద ఉండే జంతువుకి ఆయన పెట్టిన పేరు ముళ్ళపంది.

అంచులు పట్టుకోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన అలవాటో, నాణేలనుంచి వచ్చి మిగతావాటికి పాకిందో. ఫోటో ఇచ్చినా అంచే. పాటల సీడీ ఇచ్చినా అంచే. దోసె వడ్డిస్తే చుట్టూ అంచు తుంచుకుంటూ వచ్చి నడిమిభాగం చివరికి మిగుల్చుకునేవారు. నా కడుపులో పాప ఉన్నప్పుడు స్కాన్ బొమ్మ చూపిస్తే, రెండు చేతులా రెండు అంచులు పట్టుకుని, ఎటు తల ఎటు కాళ్ళో తెలియక కాసేపు తిప్పి, "ఇంకా అచ్చు సరిగ్గా పడలేదమ్మా, పడుద్ది" అన్నారు.

రెండో గుణం, ఏదీ తోమనివ్వకపోవడం. ఆయన టీ కెటిల్ లోపల నల్లగా ఉండేది. వ్యాను మీద దుమ్ము గట్టిపడిపోయి ఉండేది. నాణేల డబ్బా తెరిస్తే అన్నీ నల్లనివి, బూడిదరంగువి, చిలుం పట్టినవి. మా ఇంట్లో వెండి కుంకుమభరిణె రవ్వంత నల్లబడితే అమ్మ ఊరుకునేది కాదు. నాకూ అదే అబ్బింది. "అంకుల్, కాస్త చింతపండేసి రుద్దితే అద్దంలా అయిపోతాయి కదా" అన్నానొకసారి.

ఆయన డబ్బా మూతేసి గుండెకి హత్తుకున్నారు. "అది మురికి కాదు తల్లీ, వయసు. వెండి తన వయసు తనమీదే రాసుకుంటది. తోమినోడు దాన్ని తుడిపేస్తాడు."

"మరి నన్ను రోజూ గిన్నెలెందుకు తోమిస్తన్నారో" అని ఆంటీ లోపల్నించి.

"గిన్నెలకి వయసేందే?"

"నాకుందిగా."

ఆంటీకి ఆయన పిచ్చి మీద కోపం లేదు, నమ్మకమూ లేదు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని ఆయన వినేలా అంటూ, ఆయనకి పాన్ చుట్టి ఇచ్చేవారు.

ఆ డబ్బాలో ఒక్కదానికి మాత్రం విడిగా గుడ్డముక్క ఉండేది. హంగరీ అని ఐరోపాలో ఒక పాత రాజ్యం. అక్కడ మూడొందల ఏళ్ళ కిందట అచ్చువేసిన వెండి నాణెం. మన రూపాయి కన్నా కాస్త వెడల్పు, పల్చన. ఒకవైపు జులపాల జుట్టుతో, కింది పెదవి జారవేసుకున్న రాజు. రెండోవైపు చుట్టూ కిరణాలు, వాటి మధ్య బిడ్డనెత్తుకున్న తల్లి. తల్లి చెంపమీద, బిడ్డ మోకాలి మీద మాత్రం నలుపు పల్చబడి లోపలి తెలుపు కనిపించేది. "ఎంతమంది వేళ్ళు తగిలాయో అక్కడ" అనేవారు.

వై టూ కే అని జనం హడావుడి పడ్డ డిసెంబరులో కొట్లో బియ్యం బస్తాలు నిలవలేదు. కంప్యూటర్లు ఆగిపోతాయట, బ్యాంకులు మూతపడతాయట అని తలా ఒక బస్తా మోసుకుపోయారు. ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలే రాయడం వల్ల వచ్చిన తంటా అని మా ఆయన అంకుల్‌కి ఓపిగ్గా వివరించాడు. అంతా విని అంకుల్ గుడ్డ విప్పి నాణెం చూపించారు.

"చూడు బాబూ. ఈ పెదవి రాజుని చూస్తే అమాయకుడిలా ఉంటాడా? నాలుగంకెలూ చెక్కించాడు. మూడొందల ఏళ్ళయినా ఏ ఇబ్బందీ రాలా. మీవాళ్ళు రెండంకెల కాడ పీనాసితనం చేశారు, ఇప్పుడు నువ్వు పండగనాడు ఆఫీసులో పడుకోవాల."

మా ఆయన ఆ ముక్క ఆఫీసులో చెబితే వాళ్ళ మేనేజరు గోడమీద రాయించాడట.

ఆ నాణెం ఆయనకి ఇచ్చింది ఒక హంగరీ పెద్దాయన. పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉండేవాడు. కుర్రతనంలో తమ దేశంలో గొడవలప్పుడు కాలినడకన సరిహద్దు దాటి, ఓడెక్కి ఇక్కడికొచ్చిపడ్డాడట. మిరప్పొడి కోసం కొట్టుకొచ్చేవాడు. వాళ్ళకి మిరప్పొడి మనకన్నా ప్రాణం. అంకుల్ ఆయన్ని ఎదురుగా మిస్టర్ అనీ, వెనకాల మిరపకాయల దొర అనీ అనేవారు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. అయినా వాదన మాత్రం తెగేది కాదు.

"మీది మిరపకాయ కాదు, శిక్ష" అనేవాడు దొర.

"మీదీ మిరపకాయ కాదు మిస్టర్. కుంకం. బొట్టు పెట్టుకోను బావుంటది" అనేవారు అంకుల్. అంటూనే దొర సంచిలో తూకం మీద ఇంకో గరిటె వేసేవారు.

సరిహద్దు దాటిన రోజు వాళ్ళమ్మ కోటు లోపలి అంచులో కుట్టి పంపిన నాణెమది. దొరకి పిల్లల్లేరు. ఒకరోజు దాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "నీ దగ్గరుండనీ. నీకు చూడ్డం తెలుసు. అమ్మకు, మార్చకు. మా అమ్మ ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి" అన్నాడట. అంకుల్ గుండెమీద చెయ్యి పెట్టుకుని ఉన్నదున్నట్టు ఉంచుతానని మాటిచ్చారట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ చెయ్యి మళ్ళీ గుండెమీదికి వెళ్ళేది.

నాణేలు సేకరించేవాళ్ళ క్లబ్బొకటి ఉంది అక్కడ. అంకుల్ ఏళ్ళతరబడి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని వచ్చేవారు. అందరూ మర్యాదగానే ఉండేవారు, కానీ ఎవరూ ఆయన్ని ఏమీ తెమ్మనలేదు. ఆ డిసెంబరు తర్వాత వచ్చే జూలై ప్రదర్శనలో మొట్టమొదటిసారి ఆయనకంటూ ఒక బల్ల ఇచ్చారు, ఈ నాణెం కోసం. తను కూడా చూడ్డానికి వస్తానన్నాడు దొర. అంకుల్ కనిపించినవాళ్ళందరికీ ఈ మాట చెప్పేవారు. మా ఆయన చేత కంప్యూటర్లో పేరుచీటీ అచ్చువేయించుకున్నారు. దాన్నీ అంచులే పట్టుకుని తీసుకెళ్ళారు.

మార్చిలో పాప పుట్టింది. బరువు తక్కువ. వీసా కోసం తీసిన ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనపడిందని మా అమ్మ వీసా ఆగిపోయింది. నేనొక్కదాన్నే. పాప ఏడిస్తే ఎందుకేడుస్తోందని, ఏడవకపోతే ఎందుకేడవట్లేదని భయం. అమ్మ ఫోన్లోనే పురుడు పోసింది. "వెండి బిళ్ళతో మొలతాడు కట్టకుండా ఉయ్యాల్లో వెయ్యకు, బయటికి తియ్యకు. దిష్టి తగులుతుంది" అని రోజూ అదే మాట. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, వెండి ఏం చేస్తుందో ఏం చెయ్యదో నాకు తెలుసు. అయినా అమ్మ పోస్టులో పంపిన మొలతాడు కోసం రోజూ మెయిల్‌బాక్సు తెరిచి చూసేదాన్ని. అది రాలేదు, ఒక కాగితం వచ్చింది. బిళ్ళతోపాటు పసుపుకొమ్ములు కూడా పెట్టిందట అమ్మ, శుభమని. కొమ్ములు దేశంలోకి రానివ్వరు. పార్శిలు మొత్తం క్వారంటీన్‌లో ఆగిపోయింది.

ఆ కాగితం పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. అంకుల్ సరుకు కోసం బయటికెళ్ళారు. ఆంటీ ముందు ఏడ్చేశాను. వెండికోసం ఏడ్చానో, అమ్మకోసం ఏడ్చానో.

"వెండేగా? ఇంతదానికి ఏడుస్తారా పిచ్చిపిల్లా? బాలింతవి. పో, ఇంటికి పో. ఆదివారం ఉయ్యాల్లో వేద్దాం. నేను తెస్తా" అన్నారు ఆంటీ.

ఆదివారం మా చిన్న ఫ్లాట్‌లో పాప తొట్టికి చామంతులు కట్టాం. ఆంటీ ముందుగా వచ్చారు. బిర్యానీ గిన్నెతో అంకుల్ వెనక వస్తారన్నారు. కొంగుముడి విప్పి నల్లతాడు తీశారు. దానికి వేలాడుతూ నిలువుటద్దంలా తళతళలాడే వెండి బిళ్ళ. పాప నడుముకి కట్టి, రెండుసార్లు ముడేసి, నేను గుంజి చూస్తానని తెలుసు కాబట్టి మూడో ముడి కూడా వేశారు.

"చూడు, బిడ్డనెత్తుకున్న తల్లి. బీబీ మరియం, మేరీమాత అంటారే. ఆయమ్మ బిడ్డల్ని చల్లంగా చూస్తది" అన్నారు.

బొమ్మ నాకు తెలిసిందే. ఆ మెరుపే కొత్త. అప్పుడే తలుపు తోసుకుని అంకుల్ వచ్చారు.

గిన్నె దించి, చేతులు తుడుచుకుని, పాపని దీవించడానికి వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయారు. కళ్ళజోడు ముక్కుమీదికి దించుకుని, పాప పొట్టమీది బిళ్ళని అంచులు పట్టుకుని ఎత్తారు.

"ఎవరు తోమారు?" అన్నారు.

"నేనే" అన్నారు ఆంటీ. "చింతపండు, ఉప్పు. చూడండి ఎట్లా మెరుస్తందో. మూడొందల ఏళ్ళ మురికి ఒక్క పూటలో వదిలించా. ఉన్న నల్లబిళ్ళల్లో బిడ్డబొమ్మ ఉందని ఇదొక్కటే తీశా, మిగతావి ముట్టలేదు."

"బెజ్జం?"

"షాపింగ్ సెంటర్లో తాళంచెవులు చేస్తాడే, అతను పెట్టాడు. 'ఆర్ యూ షూర్, లవ్?' అని రెండుసార్లు అడిగాడు. షూర్ లవ్ అన్నా."

"రెండుసార్లు అడిగాడా?"

"అడిగాడు."

"మంచోడు" అన్నారు అంకుల్.

మా ఆయన ఆంటీని పక్కకి తీసుకెళ్ళి క్లబ్బు సంగతీ, దొరకిచ్చిన మాటా చెప్పాడు. నాణెం దొర ఇచ్చాడని ఆంటీకి తెలుసు గానీ, ఏ మాట మీద ఇచ్చాడో ఆమెకెవరూ చెప్పలేదు. ఆంటీ ముఖంలో రక్తం దిగిపోయింది. "నాకు చెప్పాలిగా మరి... ఊరందరికీ చెప్పారు, నాకు చెప్పాలిగా" అని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే కడిగి ఉన్న గిన్నెల్ని మళ్ళీ కడగడం మొదలుపెట్టారు.

నేను ముడి విప్పబోయాను. అంకుల్ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"కట్టింది విప్పకూడదమ్మా. మీలో అంతేగా?"

"ఇంకో తాడు కట్టేదాకా ఉంచాలంటారు అంకుల్. కానీ..."

"మరింకేం." మళ్ళీ వంగి చూశారు. "తలకి తగల్లా. పైన కిరణాల్లో పడింది బెజ్జం" అన్నారు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడ్డారు. బిర్యానీ ఆయన ముట్టలేదు.

ఆ తర్వాత వారాల్లో ఆయన్ని చూస్తే జాలేసేది, నవ్వూ వచ్చేది. దొర కొట్లోకి రావడం అద్దంలోంచి కనపడగానే బియ్యం బస్తాల వెనక కూర్చునేవారు. నోరు మూసుకుని ఉండలేని గుంటూరు మనిషి, గుటక కూడా వెయ్యకుండా. ఆంటీ మిరప్పొడి తూచి ఇచ్చి, "మిస్టర్, హస్బెండ్ నో హోమ్" అనేవారు. దొర వెళ్ళాక బస్తాలతో మాట్లాడటం వినిపించేది: "మిస్టర్, ఒక సంగతి జరిగింది... మిస్టర్, మీరు కోప్పడకుండా వినాల..."

"అంకుల్, వేరే నాణెం పెట్టండి. మీ దగ్గర ఇంకా మంచివున్నాయి కదా" అన్నాడు మా ఆయన.

"పెడతా. ఆయనొచ్చి నాది ఏదంటాడు. అప్పుడేం చెప్పను?"

"పోయిందని చెప్పండి."

అంకుల్ సొరుగు మూశారు. "పోలేదుగా బాబూ" అన్నారు.

ప్రదర్శన రోజు పొద్దున్నే వ్యాను మా ఇంటిముందు ఆగింది. కడిగి ఉంది. ఆంటీ కడిగారని ఎవరూ చెప్పక్కర్లేదు. అంకుల్ పెళ్ళిళ్ళకి వేసుకునే షేర్వాణీలో ఉన్నారు.

"నువ్వూ పాపా రావాల. కట్టింది విప్పకూడదు. నాణెం రావాలంటే పిల్ల రావాలిగా" అన్నారు.

ఒక చర్చి పక్కన హాలు. వరుసగా బల్లలు, వాటిమీద నీలంగుడ్డ, అద్దాల పెట్టెలు. పెట్టెల వెనక కోట్లు వేసుకున్న పెద్దమనుషులు. మా బల్లమీద పేరుచీటీ ఒక్కటే: హంగరీ రాజ్యం, వెండి. దాని వెనక కుర్చీలో నేను, నా ఒళ్ళో పాప. గౌను కొంచెం పైకెత్తి పొట్ట కనపడేలా కూర్చోబెట్టాను. చలిగాలి తగులుతుందేమోనని ఎవరూ లేనప్పుడల్లా గౌను దించేసేదాన్ని. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు చీటీ చదివి, తర్వాత పెట్టె కోసం వెతికి, చివరికి పాప బొడ్డు దగ్గర ఆగేవారు. కొందరు నవ్వారు. ఒకాయన తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయాడు. అంకుల్ షేర్వాణీ గుండీలు పెట్టుకుంటూ, తీస్తూ నిలబడ్డారు. ఆంటీ నా వెనక.

దొర వచ్చాడు. టై కట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. చీటీ చదివాడు. పాపని చూశాడు, నవ్వాడు. తర్వాత నాణెం చూశాడు. నవ్వు మాయమైంది. మోకాళ్ళమీద వంగి దగ్గరగా చూశాడు. తెల్లటి మెరుపు, బెజ్జం, నల్లతాడు.

"ఎవరు?" అన్నాడు.

అంకుల్ అన్ని వారాలు బస్తాల ముందు సాధన చేసిన వాక్యాలు ఒక్కటీ రాలేదు. "నేను" అన్నారు. "నేనే చేశాను, మిస్టర్."

చుట్టుపక్కల బల్లలవాళ్ళు ఇటు తిరిగారు. నాణేన్ని తోమడమూ, బెజ్జం పెట్టడమూ వాళ్ళల్లో ఎంత తప్పో ఆ ముఖాలు చూస్తే తెలిసింది. ఇన్నేళ్ళకి దొరికిన బల్ల ఆ ఒక్క మాటతో పోయిందని అంకుల్‌కీ తెలుసు. అయినా తల దించలేదు. దొర లేచి, మెల్లగా నడుచుకుంటూ తలుపు దాటి బయటి మెట్లమీద కూర్చున్నాడు.

నా వెనక ఆంటీ లేరు.

తెరిచిన తలుపులోంచి కనిపించారు. మెట్లమీద దొర ముందు నిలబడి ఉన్నారు. కొట్టు దాటి ఆమె ఇంగ్లీషు మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. "మిస్టర్. హీ నో. మీ. టామరిండ్, మీ. హోల్, మీ." దొర తలెత్తి "వై?" అన్నాడు. ఆంటీ చెయ్యి చాపి నన్నూ పాపనీ చూపించారు. "బేబీ... గ్రాండ్‌మదర్ వీసా నో." ఇంకేదో చెప్పబోయి, మాటలు దొరక్క, తెలుగులో పూర్తి చేశారు. "ఒక్కత్తే ఏడుస్తంటే చూడలేకపోయానయ్యా. నీకు అమ్మ కట్టి పంపిందిగా. దీనికి కట్టేవాళ్ళెవరు?"

ఆ మాటలు దొరకి అర్థమయ్యుండవు. అయినా లేచి లోపలికొచ్చి, నా పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని, పాప కోసం రెండు చేతులూ చాపాడు. అందరికీ పాపని ఇవ్వలేను నేను. ఇచ్చాను. ఆయన దాన్ని మోకాలిమీద కూర్చోబెట్టుకుని, తన భాషలో ఏదో అన్నాడు. పాప ఆయన టై పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

అప్పుడే బహుమతులు నిర్ణయించే పెద్దాయన కాగితాలు పట్టుకుని మా బల్లకొచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని, వంగి చూసి, నిట్టూర్చాడు. "మంచి నాణెం. పాపం, ఈ బెజ్జమే లేకపోతే..."

దొర తలెత్తకుండానే అన్నాడు. "బెజ్జం లేకపోతే దారం ఎలా ఎక్కుతుంది?"

కాగితాలాయన ఏమీ రాసుకోకుండా పక్కబల్లకి వెళ్ళిపోయాడు. ఆంటీ పమిటతో ముఖం తుడుచుకున్నారు. నేను అంకుల్ వైపు చూశాను. ఆయన అప్పటికే తలుపు వైపు నడుస్తున్నారు.

"ఎక్కడికి అంకుల్?" అన్నాను.

"వ్యాను లైట్లు ఆర్పానో లేదో చూసొస్తా" అన్నారు, మా వైపు తిరగకుండా. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్తోంది.